నీళ్ల నడుమ పల్లెలు

మా రాత్రి బడి గోడకు ప్రపంచ పటం ఒకటి తగిలించినాము. తగిలించిన రోజే ఒక అవ్వ దాని ముందర నిలబడి చాలాసేపు చూసింది.

"ఏమ్మా టీచరమ్మా, ఇంత మేర నీలం రంగు పూసినారే. ఇదంతా ఏంది?"

"సముద్రం అవ్వా. అంతా నీళ్లే."

"ఇన్ని నీళ్లుండి మన బోర్లల్లో చుక్క రాదే!" అనింది.

అందరం నవ్వినాము. మళ్లీ ఆ అవ్వే పటం దగ్గరికి పోయి, "ఈ నీలంలో ఆవాలు చల్లినట్టు ఈ చుక్కలేంది?" అని అడిగింది.

ఆ చుక్కలు దీవులు. దీవి అంటే చుట్టూ నీళ్లు ఉండే నేల. వాటిలో ఫిజీ అనే దేశం ఒకటి. అక్కడ పల్లెలు ఉన్నాయి. చెట్లు, చేలు, గుళ్లు ఉన్నాయి. మన తెలుగు వాళ్ల మనవళ్లు, ముని మనవళ్లు కూడా ఉన్నారు. వాళ్ల పెద్దలు అంత దూరం ఎట్ల పోయినారు? పోయి ఏం చూసినారు? ఆ సంగతి చదువుదాం.

ఎంత దూరం?

ఫిజీ ఉండేది పసిఫిక్ మహాసముద్రంలో. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద సముద్రం లేదు. భూమి మీద ఉన్న నేలనంతా ఎత్తి అందులో పోసినా ఇంకా చోటు మిగులుతుంది.

చెన్నై నుంచి ఫిజీకి పక్షి ఎగిరినట్టు నేరుగా పోయినా 11 వేల కిలోమీటర్ల పైనే. మనకంటే వాళ్లకు పొద్దు ముందు పొడుస్తుంది. మనం సాయంత్రం 7 గంటలకు పలకా బలపం పట్టుకోని బడికి వచ్చేసరికి అక్కడ అర్ధరాత్రి దాటి ఒకటిన్నర అయి ఉంటుంది.

ఫిజీలో 300కు పైగా దీవులు ఉన్నాయి. మనుషులు ఉండేది సుమారు 100 దీవులలోనే. దేశం మొత్తం కలిపి 9 లక్షల మంది. 2011 లెక్కల్లో మన కడప జిల్లా ఒక్కదానిలోనే 28 లక్షల మందికి పైగా ఉన్నారు. ఇక చూసుకోండి, ఎంత చిన్న దేశమో!

వేలిముద్ర వేసి ఎక్కిన ఓడ

1874లో ఫిజీ ఇంగ్లీషు వాళ్ల చేతికి వచ్చింది. అక్కడ చెరకు తోటలు వేసినారు. ఆస్ట్రేలియా కంపెనీ ఒకటి పెద్ద పెద్ద చక్కెర మిల్లులు పెట్టింది. తోటల్లో పనికి మనుషులు కావాలి. ఆ రోజుల్లో మన దేశం కూడా ఇంగ్లీషు వాళ్ల కిందనే ఉండేది. అందుకని ఇక్కడి నుంచి కూలీలను ఓడల్లో తీసుకుపోయినారు.

మొదటి ఓడ 1879లో కలకత్తా నుంచి పోయింది. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా పోయినాయి. ఆఖరి ఓడ 1916లో. మొత్తం 60 వేల మందికి పైగా పోయినారు. వాళ్లలో సుమారు 15 వేల మంది మద్రాసు నుంచి ఎక్కిన దక్షిణాది వాళ్లు. తమిళులు, తెలుగు వాళ్లు, మలయాళం వాళ్లు అందరూ ఉన్నారు. కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల వాళ్లు పోయినారు. ఉత్తర ఆర్కాడు జిల్లా వాళ్లు చాలా మంది పోయినారు. మన పక్కనున్న చిత్తూరు 1911 దాకా ఆ జిల్లాలోనే ఉండేది.

వాళ్లు ఊరికే పోలేదు. ఒక కాగితం మీద ఒప్పుకొని పోయినారు. ఐదేండ్లు పని చేయాలి. వారంలో ఐదు రోజులు తొమ్మిదేసి గంటలు, శనివారం ఐదు గంటలు. పదేండ్లు అక్కడే ఉంటే తిరుగు ప్రయాణం ఖర్చు సర్కారుది. ఐదేండ్లకే రావాలంటే ఎవరి ఖర్చు వాళ్లదే. చెప్పిన పని చేయకపోతే? కూలి కోత ఒక్కటే కాదు, అది నేరం. జరిమానా, జైలు కూడా ఉండేది.

ఆ కాగితాన్ని ఇంగ్లీషులో అగ్రిమెంటు అంటారు. నోరు తిరగని కూలీలు దాన్ని "గిర్మిట్" అన్నారు. ఆ కూలీలకు గిర్మిటీలు అని పేరు వచ్చింది. ఇప్పటికీ ఫిజీలో ఆ మాట ఉంది.

చాలా మందికి చదువు లేదు. ఎవరో చదివి చెప్పింది విని వేలిముద్ర వేసినారు. ఫిజీ అంటే ఎంత దూరమో ఎందరికి తెలుసు?

ఈ మాట చెప్పినప్పుడు మా బడిలో ఒక అక్క పలక కింద పెట్టేసింది. "మా చెల్లెలు కువైట్‌కు పోయేటప్పుడు కూడా ఇంతే టీచరమ్మా. కాగితంలో అరబ్బీ ఉండె, ఇంగ్లీషు ఉండె. ఏజెంటు ఇక్కడ వెయ్యి అన్యాడు, వేసింది. వంట పని ఒకటే అని చెప్పినారు. పోయినాక మూడిండ్ల పని" అనింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మద్రాసు నుంచి పొగ ఓడ ఒక నెల ప్రయాణం. అంతకు ముందు కలకత్తా నుంచి తెరచాప ఓడల్లో పోయిన వాళ్లకు రెండు మూడు నెలలు పట్టేది. కుందూ నది తప్ప వేరే నీళ్లు చూడని మనిషి నెల పొడుగునా నీళ్లనే చూస్తే ఎట్లుంటుంది! వాంతులు, జ్వరాలు. ఏ కులం వాళ్లయినా పక్కపక్కనే పడుకోవాలి, ఒకే వంట తినాలి. ఒకే ఓడలో వచ్చిన వాళ్లు ఒకరినొకరు "జహాజీ భాయి" అని పిలుచుకున్నారు. ఓడ అన్న అని అర్థం. అక్కడ చుట్టాలు లేని వాళ్లకు వాళ్లే చుట్టాలు అయినారు.

నీళ్ల కింద గోడ

ఫిజీ దగ్గరికి వచ్చినాక కూడా భయం తీరదు. దీవుల చుట్టూ నీళ్ల కింద పగడపు దిబ్బలు ఉంటాయి. మనం మెడలో వేసుకునే పగడం తెలుసు కదా. అటువంటి జాతి చిన్న చిన్న ప్రాణులు సముద్రంలో వేల ఏండ్లు గూడు మీద గూడు కట్టుకుంటూ పోతే దిబ్బ తయారవుతుంది. చెరువు కట్ట మాదిరి దీవి చుట్టూ పొడుగ్గా ఉంటుంది. పెద్ద అలలు ఆ కట్టకు కొట్టుకొని విరిగిపోతాయి. కట్ట లోపల నీళ్లు చెరువులాగా మెల్లగా ఉంటాయి. పల్లెలకు అదే కాపు. అయితే దారి తెలియని ఓడకు అదే గండం.

1884 మే 11వ తేదీన సిరియా అనే ఓడ అట్లే నసిలాయ్ అనే దిబ్బను కొట్టుకుంది. అది కలకత్తా నుంచి వచ్చిన ఓడ. అందులో దాదాపు 500 మంది ఉన్నారు. 59 మంది చచ్చిపోయినారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. మిగతా వాళ్లను పడవలు తెచ్చి కాపాడినారు. ఆ పని చేసిన వాళ్లలో ఫిజీ పల్లె జనం కూడా ఉన్నారు. మన వాళ్లూ, ఆ పల్లెల వాళ్లూ అంత దగ్గరగా కలుసుకున్నది బహుశా అదే మొదలు. ఒకరి భాష ఒకరికి రాదు. నీళ్లలో మునిగే మనిషికి చేయి ఇవ్వడానికి భాష ఎందుకు?

తోటలో బతుకు

ఓడ దిగిన వాళ్లను మొదట నుకులావ్ అనే చిన్న దీవిలో దింపేవాళ్లు. రోగాలు లేవని చూసుకొని తోటలకు పంచేవాళ్లు. తోటల్లో వరస కొట్టాలు ఉండేవి. ఒక్కొక్క గది పది అడుగుల పొడుగు, ఏడు అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు మగవాళ్లు. లేదంటే మొగుడూ పెండ్లాం, వాళ్ల పిల్లలు.

కూలి రోజుకు మగవాళ్లకు ఒక షిల్లింగు. అంటే 12 పెన్నీలు. ఆడవాళ్లకు 9 పెన్నీలు. ఇది మీకు నేను విడమరిచి చెప్పాల్సిన పని లేదు. కలుపుకు పోయే వాళ్లకు తెలిసిన లెక్కే.

ప్రతి 100 మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లను పంపాలని నియమం ఉండేది. ఆడవాళ్లు తక్కువ. తోటలో వాళ్లను కాచుకునే వాళ్లు ఎవరూ లేరు. 1912లో కుంతి అనే ఆమె సంగతి ఇది. ఆమె ఉత్తరాది మనిషి. ఒక్కదాన్నే దూరంగా ఉండే అరటి తోటలో పనికి పెట్టినారు. తోట పెత్తనం చేసే తెల్లవాడు అక్కడికి వచ్చి ఆమె మీద చేయి వేయబోయినాడు. ఆమె విడిపించుకొని పరుగెత్తి నదిలో దూకింది. జగదేవ్ అనే పిల్లవాడు చిన్న పడవలో వచ్చి కాపాడినాడు. కుంతి నోరు మూసుకొని ఉండలేదు. జరిగింది చెప్పింది. అది భారత మిత్ర అనే హిందీ పత్రికలో అచ్చయింది. దేశమంతా కోపం లేచింది. అధికారులు ఆమె మాట అబద్ధం అన్నారు. జనం మాత్రం ఆమె మాటే నమ్మినారు. తర్వాత 1915లో ఆండ్రూస్, పియర్సన్ అనే ఇద్దరు ఫిజీకి పోయి తోటలు తిరిగి చూసి వచ్చినారు. చూసింది చూసినట్టు రాసినారు. 1917లో కూలీలను పంపడం ఆగింది. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్లు అన్నీ రద్దయినాయి.

కొందరు తిరిగి వచ్చినారు. ఎక్కువ మంది అక్కడే నిలిచిపోయినారు. గుత్తకు నేల తీసుకొని చెరకు వేసుకున్నారు.

పక్కనే ఇంకొక పల్లె

గిర్మిటీలు వచ్చేసరికే ఫిజీలో పల్లెలు ఉన్నాయి. ఆ దీవుల వాళ్లు ఎన్నో వందల ఏండ్లుగా అక్కడ ఉంటున్నారు. అయితే ఇంగ్లీషు సర్కారు వాళ్లను వాళ్ల పల్లెల్లో ఉంచింది, మన వాళ్లను తోటల్లో ఉంచింది. కలవనీయలేదు. అందుకని పక్కపక్కన ఉండి కూడా ఒకరి ఇల్లు ఒకరికి తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఆ పల్లెలు ఎట్లుంటాయో చూద్దాం. దూరపు దీవికి పోవాలంటే సువా పట్నంలో ఓడ ఎక్కాలి. కొన్ని దీవులకు ఒక పగలూ రాత్రీ పడుతుంది. ఇంకా దూరం ఉండే వాటికి ఓడ నెలకు ఒకటి రెండు సార్లే పోతుంది. బియ్యం, గోధుమ పిండి, చక్కెర, కిరసనాయిలు దానిలోనే రావాలి. తిరిగి వచ్చేటప్పుడు ఎండు కొబ్బరి, చాపలు వేసుకొని వస్తుంది. మన ఊరికి బస్సు నెలకు ఒకసారి వస్తే ఎట్ల ఉంటుందో అనుకోండి! చాలా దీవులకు రేవు ఉండదు. ఓడ దూరంగా నిలుస్తుంది. పల్లె వాళ్లే చిన్న పడవల్లో వచ్చి మనుషుల్ని, మూటల్ని దించుకుంటారు.

పూర్వం వాళ్లకు సొంత ఓడలు ఉండేవి. ద్రువా అని పేరు. రెండు పడవలను పక్కపక్కన పెట్టి పైన బల్లలు పరిచి కట్టేవాళ్లు. ఒక్క ఇనుప మేకు లేదు. అంతా కొబ్బరి పీచు తాళ్లతో బిగింపు. తెరచాపను ఆడవాళ్లు ఆకులతో అల్లేవాళ్లు. అంటే మగవాళ్లు కట్టిన పడవ ఆడవాళ్లు అల్లిన చాపతో నడిచేది. దారి చూసుకోవడానికి పటం లేదు. రాత్రి చుక్కలు, పగలు అలలు వచ్చే వాలు, సాయంత్రం పక్షులు ఎగిరిపోయే దిక్కు, ఇవే గుర్తులు. మబ్బు ఒకే చోట కదలకుండా నిలిస్తే దాని కింద దీవి ఉందని అర్థం. 1913లో కట్టిన అటువంటి పడవ ఒకటి సువాలో మ్యూజియంలో పెట్టినారు.

పల్లెలో అడుగు పెట్టేటప్పుడు ఒక మర్యాద ఉంది. ఊరికే పోకూడదు. యంగోనా అనే మొక్క వేరు కట్ట తీసుకొని పోయి ఊరి పెద్ద ముందర పెట్టాలి. మనం చుట్టాల ఇంటికి పోతే ఆకు వక్క పెట్టినట్టు. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ యంగోనా మొక్కా, మన తమలపాకు తీగా ఒకే జాతివి! ఆ వేరును దంచి నీళ్లలో పిసికి వడకడతారు. బురద నీళ్ల రంగులో ఉంటుంది. కొబ్బరి చిప్పలో పోసి ఇస్తారు. ఒకసారి చప్పట్లు కొట్టి "బులా" అని తాగాలి. బులా అంటే బతుకు అని అర్థం, నమస్కారం కూడా అదే. అది సారాయి కాదు. నాలుక తిమ్మిరెక్కుతుంది, ఎక్కువైతే మగతగా ఉంటుంది. మగవాళ్లు రాత్రి పొద్దుపోయేదాకా దాని చుట్టూ కూర్చుంటారని అక్కడి ఆడవాళ్లు గొణుగుతారు. గొణగడం ఏ దేశంలోనైనా మన వంతే!

ఊర్లో నెత్తిన టోపీ పెట్టుకోకూడదు. భుజాలు కప్పుకోవాలి. ఇంకొకరి తల తాకకూడదు. ఇంటి ముందర చెప్పులు విడవాలి. ఇవన్నీ మన వాళ్లకు కొత్తేమీ కాదు.

ఇంట్లో కుర్చీలు తక్కువ, చాపలే పరుపులు. మన మొగలి చెట్టుకు చుట్టమైన చెట్టు ఒకటి ఉంది. దాని పొడుగాటి ఆకులను కోసి, ముళ్లు తీసి, ఎండబెట్టి, గీరి మెత్తగా చేసి, సన్నగా చీల్చి అల్లుతారు. అంచుకు రంగు ఉన్ని కుట్టి కుచ్చులు పెడతారు. పెండ్లికి చాప, పురుడుకు చాప, చావుకు చాప. ఎన్ని చాపలు పెట్టినారు అన్నదే మర్యాద. ఒకతె ఒక్కతే కూర్చోని అల్లదు. నలుగురు కూడి, కబుర్లు చెప్పుకుంటా అల్లుతారు. చెట్టు బెరడును నానబెట్టి, కొయ్య సుత్తితో కొట్టి కొట్టి గుడ్డగా సాగదీసే పని కూడా ఆడవాళ్లదే. దాని మీద నలుపు, గోధుమ రంగు అచ్చులు వేస్తారు.

నీళ్లు తగ్గిన పూట ఆడవాళ్లు పగడపు దిబ్బ మీదికి పోతారు. చిన్న వలలతో చేపలు పడతారు. పీతలు, గుల్లలు ఏరుకుంటారు. తిండి అంటే చేమగడ్డ, కర్రపెండలం, కొబ్బరి. చేమ ఆకును కొబ్బరి పాలల్లో ఉడికిస్తారు. పండగ నాడు గుంత తవ్వి, రాళ్లు కాల్చి, మాంసం, గడ్డలు ఆకుల్లో చుట్టి లోపల పెట్టి మట్టి కప్పుతారు. రెండు మూడు గంటలకు తీస్తే కమ్మగా ఉడికి ఉంటాయి.

చుట్టూ సముద్రం ఉన్నా తాగే నీళ్లకు కొన్ని చిన్న దీవుల్లో కటకటే. నది లేదు. రేకుల కప్పు మీద పడిన వాననీళ్లను తొట్టిలో పట్టుకుంటారు. వాన తప్పితే బిందె లెక్కే. మా అవ్వ ఇది విని, "అయితే వాళ్లూ మన మాదిరోళ్లే" అనింది.

నేల ఎవరిది?

అక్కడ నేలలో ఎక్కువ భాగం దీవుల వాళ్ల వంశాల పేరున ఉమ్మడిగా ఉంది. నూటికి 80కి పైగా అంతే. అమ్మడానికి లేదు. అందుకే మన వాళ్లు ఏండ్ల తరబడి గుత్తకే సేద్యం చేసినారు. గుత్త గడువులు 1997 నుంచి తీరడం మొదలైంది. చాలా కుటుంబాలు మూడు తరాలు సాగు చేసిన నేల వదిలి పట్నం చేరినాయి. 1987లో రెండు సార్లు, 2000లో ఒకసారి సర్కారును బలవంతంగా దించేసినారు. ఆ గొడవలకు భయపడి ఎంతో మంది ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడా పోయినారు.

ఇది చెప్పేటప్పుడు నాకు ఎవరి పక్షం మాట్లాడాలో తోచదు. నేల పోగొట్టుకోకూడదు అనుకోవడం తప్పా? మూడు తరాల చెమట పోసిన చోట ఉండాలనుకోవడం తప్పా?

నేల పోకుండా కాపాడుకున్నా సముద్రం ఊరుకోలేదు. వునిదోగోలోవా అనే పల్లెలో ఇండ్లలోకి ఉప్పు నీళ్లు వస్తుంటే 2014లో ఊరు ఊరే మెట్టకు మారింది. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ అనే తుఫాను వచ్చి 44 మందిని పొట్టన పెట్టుకుంది.

గుండం తొక్కే రెండు జాతులు

మన దగ్గర పీర్ల పండగకు గుండం తొక్కుతారు కదా. ఫిజీలో దక్షిణాది వాళ్లు మారెమ్మ గుడి దగ్గర నిప్పుల గుండం తొక్కుతారు. ఇక్కడి నుంచి పోయినప్పుడు మూటలో కట్టుకొని పోయిన ఆచారం అది. ఆశ్చర్యం ఏమంటే, బెంగా అనే దీవి జనం కూడా గుండం తొక్కుతారు. వాళ్లది నిప్పులు కాదు, కాల్చిన రాళ్లు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదు. ఎవరిది వాళ్లదే.

నేర్చుకున్నవి వేరే ఉన్నాయి. దీవుల వాళ్ల ఇండ్లలో ఇప్పుడు రొట్టె, కూర మామూలు తిండి. మన వాళ్ల పెండ్లిలో యంగోనా లేకుండా జరగదు.

భాష మాత్రం చాలా వరకు పోయింది. తోటల్లో ఉత్తరాది వాళ్లే ఎక్కువ. అందుకని అందరూ ఒక రకం హిందీకి అలవాటు పడినారు. తెలుగును కాపాడుకోవాలని 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. బడులు కూడా నడిపినారు. అయినా ఈనాటి పిల్లలకు పాటల్లో, మొక్కుల్లో, కొన్ని వంటల పేర్లలో తప్ప తెలుగు మిగిలింది తక్కువ.

ఒక కాగితం మిగిలింది

ఓడ ఎక్కేటప్పుడు ప్రతి కూలీకీ ఒక చీటీ రాసేవాళ్లు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు. ఒంటి మీద పుట్టుమచ్చో, మానిన గాయమో ఉంటే అదీ రాసేవాళ్లు. ఆ చీటీలు ఫిజీలో సర్కారు దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇప్పుడు మనవళ్లు, ముని మనవరాళ్లు వాటి నకళ్లు తీసుకొని తాత ఊరు ఏదని వెతుక్కుంటా మన దేశానికి వస్తున్నారు.

చీటీ రాసిన గుమాస్తా చెవికి ఎట్ల వినబడితే అట్ల ఇంగ్లీషులో రాసినాడు. ఊరి పేరు తప్పు పడినా రాయించుకున్న ఆమెకు తెలియదు. చదవడం రాదు గదా. దాంతో కొందరికి ఊరు దొరుకుతుంది. కొందరికి దొరకదు. జిల్లా దాకా వచ్చి, అక్కడి నుంచి ఏ దారిన పోవాలో తెలియక తిరిగి పోతారు.

ఇది చెప్పిన రాత్రి నేను వేరే పాఠం పెట్టలేదు. పలక మీద ఎవరి పేరు, ఊరు, మండలం, జిల్లా వాళ్లనే రాయమన్నాను. కువైట్ చెల్లెలు ఉన్న అక్క తన పేరు ఒకసారి రాసి, దాని కింద చెల్లెలి పేరు కూడా రాసింది. మా అవ్వ "మైదుకురు" అని రాసి చూపించింది. కు కు దీర్ఘం పడలేదు అవ్వా, అన్నాను. చేత్తో చెరిపి, దీర్ఘం కొంచెం పెద్దగానే పెట్టి, మళ్లీ రాసింది.